ట్రంకు పెట్టెలకు కొత్త రంగు – స్టోరు గదిలో స్ప్రే బూత్

మన హాస్టల్లో చదివిన వాళ్లకు ట్రంకు పెట్టె గురించి వేరే చెప్పనక్కర్లేదు. బట్టలు, పుస్తకాలు, ప్లేటు, గ్లాసు, ఇంటినుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా, అన్నీ అందులోనే. రాత్రి చదువుకు అదే బల్ల. పదో తరగతి పూర్తయ్యాక కొందరు పెట్టెను ఇంటికి తీసుకెళతారు, కొందరు తాళం తీసేసి ఇక్కడే వదిలి వెళతారు. అలా వదిలేసిన పెట్టెలు 47 స్టోరు గదిలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండడం గత వేసవి సెలవుల్లో చూశాం. అడుగున తుప్పు, మూతల మీద పెచ్చులూడిన రంగు. వీటినే బాగుచేసి కొత్తగా చేరే తమ్ముళ్లకు ఇద్దామని పూర్వ విద్యార్థులం నలుగురం అనుకున్నాం. మాలో ఇద్దరం పీజీ చదువుతున్నాం. ఒకరు ఐటీఐ ఫిట్టరు. ఇంకొకరు పదో తరగతితో చదువు ఆపి కార్ల షెడ్డులో స్ప్రే పెయింటరుగా పనిచేస్తున్న మిత్రుడు.

బ్రష్షుతో వేస్తే సరిపోదా అని వార్డెన్ సార్ అడిగారు. నిజమే, ఒకటి రెండు పెట్టెలైతే బ్రష్షే మేలు. చెట్టుకింద కూర్చుని వేసుకోవచ్చు, రంగు వృథా కాదు, ప్రమాదమూ తక్కువ. కానీ 47 పెట్టెలు, లోపలా బయటా, బడి తెరిచేలోగా కావాలి. జూన్‌లో వానలు మొదలవుతాయి, వాన లేని రోజు గాలిదుమారం. తడిరంగు మీద దుమ్ము పడిందంటే ఎమిరీ పేపరు పట్టుకుని మళ్లీ మొదటికి రావలసిందే. అందుకని రెడ్ ఆక్సైడ్ ప్రైమరు బ్రష్షుతో బయటే వేసి, పైకోటు మాత్రం గదిలో స్ప్రే గన్‌తో వేద్దామని తేల్చుకున్నాం.

మొదటి రోజు మేము చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దుమ్ము రాకూడదని తలుపు మూశాం. కిటికీకి గోనెపట్టా కట్టాం. మూడు పెట్టెలు అయ్యేసరికి, పెట్టెలు అందిస్తున్న ఎనిమిదో తరగతి తమ్ముడు తల తిరుగుతోందంటూ గోడ పట్టుకున్నాడు. బయటికి తీసుకురాగానే వాంతి చేసుకున్నాడు. పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. థిన్నరు ఆవిరి పీల్చడం వల్లేనని, గాలి ఆడేచోట పడుకోబెట్టమని చెప్పారు. సాయంత్రానికి తేరుకున్నాడు. మా పెయింటరు మిత్రుడికి మాత్రం ఏమీ కాలేదు. "నాకు వాసనే తెలియలేదురా, అలవాటైపోయింది" అన్నాడు.

అలవాటంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఏ వాసననైనా కొన్ని నిమిషాలు పీలిస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. గాలిలో ఆవిరి తగ్గిందని కాదు, ముక్కు అలసిపోయిందని అర్థం. అందుచేత 'వాసన పోయింది, ఇక ఫరవాలేదు' అనుకోవడానికి లేదు. బాష్పీభవనం మీద పరీక్షలో పేజీలు నింపిన మేమిద్దరం ఆ తలుపు ఎలా మూశామో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రాత్రి కాగితం, కలం తీసుకుని కూర్చున్నాం. ఆ లెక్క తమ్ముళ్లు కూడా వేసుకోదగ్గదే, తొమ్మిది, పది తరగతుల గణితం చాలు. థిన్నరు అంటే ఒక్క పదార్థం కాదు, రకాన్ని బట్టి టోలీన్, జైలీన్, ఎసిటోన్ వంటివి కలిసి ఉంటాయి. లెక్క సులువు కోసం అంతా టోలీన్ అనుకుందాం. ఒక మిల్లీలీటరు టోలీన్ ఆవిరైతే మన గది ఉష్ణోగ్రతలో దాదాపు 230 మిల్లీలీటర్ల ఆవిరి అవుతుంది. మన స్టోరు గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు, అంటే 1,000 ఘనపుటడుగులు, సుమారు 28,000 లీటర్ల గాలి. ఫ్యాక్టరీల చట్టం (1948) రెండో షెడ్యూలులో 8 గంటల పనికి టోలీన్‌కు ఇచ్చిన హద్దు, పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు. 28,000 లీటర్లలో అది 2.8 లీటర్ల ఆవిరి. అంటే 12 మిల్లీలీటర్ల టోలీన్. రెండున్నర టీ చెంచాలు! మూడు పెట్టెలకు మేము గాలిలో కలిపిన థిన్నరు దానికి ఎన్నో రెట్లు. ఏళ్ల తరబడి ఇలా పీలిస్తే నరాల మీద, జ్ఞాపకశక్తి మీద, చివరికి వినికిడి మీద కూడా దెబ్బ పడుతుంది.

ఇక నిప్పు సంగతి. గాలిలో టోలీన్ ఆవిరి 1.1 శాతానికి చేరితే నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. గది అంతటా సమానంగా కలిస్తే అందుకు లీటరుంబావు పైనే టోలీన్ కావాలి, 'అంత మనం వాడం కదా' అనిపిస్తుంది. కానీ ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. గాలి కదలని గదిలో అది నేల మీదికి దిగి అక్కడే పరుచుకోవచ్చు. కింది అడుగు ఎత్తులోనే నిలిచిందనుకుంటే 135 మిల్లీలీటర్లు చాలు, ఒక టీ గ్లాసంత. ఆ రోజు మా కంప్రెసరు ఎక్కడ పెట్టామో తెలుసా? అదే గదిలో, నేల మీద. గాలి నిండినప్పుడల్లా టక్కుమని ఆగి, తగ్గగానే మళ్లీ అందుకుంటుంది. అలా ఆగి అందుకున్న ప్రతిసారీ దాని స్విచ్చులో చిన్న నిప్పురవ్వ. లెక్క ముగిశాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మర్నాడు పని ఆపి, బూత్ కట్టడం మొదలుపెట్టాం. షెడ్డువాళ్లు దీన్ని బూత్ అంటారు గానీ, చూడ్డానికి ఒకవైపు తెరిచిన పెద్ద పెట్టె, అంతే. దాని సూత్రం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మంచి గాలి మన వీపు వెనకనుంచి రావాలి, మనల్ని దాటి పెట్టెను చేరాలి, అక్కడినుంచి ఫిల్టరు, ఫ్యాను దాటి బయటికి పోవాలి. పెట్టెకూ ఫ్యానుకూ మధ్య మనిషి ఎప్పుడూ నిలబడకూడదు. వేసే మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడన్నది ఫ్యాను ఎంత పెద్దదన్న దానికంటే ముఖ్యం.

మొదట అట్టపెట్టెతో చేద్దామనుకున్నాం. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె ఒకటి దొరికింది కూడా. కానీ రంగు తుంపర పట్టిన అట్ట నిప్పుకు సిద్ధంగా ఉన్న వంటచెరకుతో సమానం. థర్మోకోల్ అయితే ఇంకా ప్రమాదం, థిన్నరు తగిలితే కరిగిపోతుంది కూడా. చివరికి ఇనుప యాంగిల్ చట్రానికి జీఐ రేకులు బిగించాం. ముందు తెరిచిన భాగం 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, లోతు 3 అడుగులు. పెట్టెను తిప్పుకుంటూ వేయడానికి లోపల పాత సైకిలు హబ్బు మీద ఒక తిరుగుడు పీట. లైటు లోపల పెట్టలేదు. పైరేకులో గాజు పలక బిగించి, దానిమీద బయటనుంచి ట్యూబులైటు. స్విచ్చులన్నీ వరండాలో.

గదిని కూడా మార్చవలసి వచ్చింది. స్టోరు గది కిటికీ వంటగది పెరటివైపు ఉంది. బయటికి తోసిన ఆవిరి నేలబారుగా పోయి పొయ్యి దగ్గర తేలితే? ఈ మాట మాకు తట్టలేదు, వంట మాస్టరుకు తట్టింది. అందుకే వెనకవైపు, ఖాళీ స్థలం కనిపించే పాత స్టోరు గదికి మారాం. మంచినీళ్ల ట్యాంకు కూడా అటు లేదని చూసుకున్నాం.

ఎంత గాలి లాగాలన్నదానికి లెక్క ఉంది. తెరిచిన భాగం దగ్గర గాలి నిమిషానికి 100 అడుగుల వేగంతో లోపలికి పోవాలి. మూడడుగులను రెండున్నరతో గుణిస్తే ఏడున్నర చదరపుటడుగులు. దాన్ని 100తో గుణిస్తే నిమిషానికి 750 ఘనపుటడుగులు. ఫ్యాన్ల అట్టపెట్టెల మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో రాసి ఉంటుంది కాబట్టి 1.7తో గుణించాలి, 1,275 వస్తుంది. కానీ ఆ రాసిన అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. ఫిల్టరు ఉన్నప్పుడు తగ్గుతుంది, కనుక ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 1,900 ఉన్న ఫ్యాను చూసుకోవాలి. ఇప్పుడు అదే టోలీన్ లెక్క మళ్లీ వేశాం. గన్ నిమిషానికి 100 మిల్లీలీటర్ల థిన్నరు చల్లిందనుకున్నా, వచ్చేది 23 లీటర్ల ఆవిరి. అదే నిమిషంలో ఫ్యాను లాగేది 21,000 లీటర్ల గాలి. 0.11 శాతం, అంటే అంటుకునే హద్దులో పదో వంతు. తలుపు మూసిన గదికీ దీనికీ తేడా ఇదే.

ఫ్యాను దగ్గర మా ఫిట్టరు మిత్రుడు ఒక మంచి పని చేశాడు. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానులో మోటారు సరిగ్గా ఆవిరి పోయే దారిలోనే ఉంటుంది. వైరింగు కాలినా, లోపల షార్టయినా రవ్వ అక్కడే పుడుతుంది. ఫ్యాక్టరీల్లో అందుకోసం ప్రత్యేకమైన మోటార్లు వాడతారు, వాటి ధర మనకు అందదు. అతను పాతసామాను కొట్లో వడ్లు తూర్పారబట్టే ఫ్యాను ఒకటి పట్టాడు, బెల్టుతో తిరిగేది. ఇనుప రెక్కలు తీసి అల్యూమినియం రెక్కలు వేశాడు, ఇనుము ఇనుముకు రాసుకుని రవ్వ రాకుండా. ఫ్యానును కిటికీలో బిగించి, దాని వెనక పుల్లీనుంచి బెల్టును నిటారుగా పైకి తీసుకెళ్లి, కిటికీ పైన బయటి గోడకు మోటారు బిగించాడు. బరువైన ఆవిరి కిందికి పోతుంది, మోటారు పైన ఉంటుంది. బెల్టుకు రేకు తొడుగు, మోటారుకు వాన పడకుండా చిన్న కప్పు.

పాత ఫ్యాను కదా, అది ఎంత గాలి లాగుతుందో దానిమీద రాసి లేదు. అగరుబత్తి వెలిగించి చూశాం (అప్పటికి రంగు, థిన్నరు డబ్బాలు గదిలో లేవు, ఉంటే వెలిగించకూడదు). బూత్ నోటి దగ్గర 3 అడుగుల దూరం పొగ ఎంతసేపట్లో దాటుతుందో ఫోనులో వీడియో తీసి, పదిసార్లు చూసి సగటు తీశాం. 3 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 60 అడుగులే, చాలదు. మోటారుకు ఉన్న 3 అంగుళాల పుల్లీ తీసి 5 అంగుళాలది వేశాం. వేగం 5/3 రెట్లు పెరిగి 100 అడుగులకు వచ్చింది. సంతోషించేలోపు ఇంకో పాఠం. ఫ్యాను వేగం పెరిగితే గాలి అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కానీ మోటారు మీద భారం ఘనంగా పెరుగుతుంది. 5/3 ఘనం అంటే 125/27, నాలుగున్నర రెట్ల పైనే! పావు హెచ్‌పీ మోటారు అరగంటకు చేయి పెట్టలేనంత వేడెక్కింది. అర హెచ్‌పీది తెచ్చాక కుదిరింది. పుస్తకంలో ఘనాలూ ఘనమూలాలూ ఎందుకని అడిగే తమ్ముళ్లకు ఆ పాత మోటారును చూపించవచ్చు, ఇంకా వరండాలోనే ఉంది.

ఒక చిన్న మాట. ఫ్యాను గాలిని బయటికి తోయాలంటే లోపలికి గాలి రావాలి. తలుపు మూస్తే ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి కదలదు. తలుపు తెరిచి, దుమ్ము కోసం పల్చని తడి గుడ్డ కట్టాం. అదే అగరుబత్తిని బూత్ నాలుగు అంచుల దగ్గరా పట్టి, పొగ ఎక్కడా వెనక్కి రాకుండా లోపలికే వంగుతోందని చూశాకే రంగు డబ్బా మూత తీశాం.

స్ప్రే గన్ పుట్టుక కూడా తెలుసుకోవలసిందే. అమెరికాలోని టొలీడో నగరంలో అలెన్ డివిల్బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లడానికి తుంపర చేసే పరికరం తయారుచేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో దాన్ని రంగులు చల్లే గన్‌గా మార్చాడు. గొంతును బాగుచేయడానికి పుట్టిన పరికరం పెయింటర్ల గొంతులను ఇలా పట్టుకుందన్నమాట. మామూలు గన్‌తో చిన్న వస్తువులకు వేసే రంగులో సగం కూడా వస్తువుకు అంటదు. మిగిలినది తుంపరై తేలుతుంది. అందులో 10 మైక్రాన్ల కంటే చిన్న చుక్కలు ఊపిరితిత్తుల లోపలిదాకా పోగలవు. గన్‌ను జానెడు దూరంలో, పెట్టెకు నిటారుగా పట్టి, ప్రతి వరస ముందు వరసను సగం కప్పేలా వేస్తే వృథా తగ్గుతుంది. ఇది మాకు పెయింటరు మిత్రుడు నేర్పాడు. ఇందులో అతను గురువు, మేము శిష్యులం.

ఫిల్టరుకు గాజు నారతో చేసినది కొన్నాం. అది చుక్కలను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. తుంపర ఫ్యాను రెక్కలకు పట్టి బరువు తప్పకుండా కాపాడడమే దాని పని. నిండిన ఫిల్టరుతో జాగ్రత్త. ఎనామిల్ రంగు ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అందులో వేడి పుడుతుంది. రంగు తుడిచిన గుడ్డలు, నిండిన ఫిల్టర్లు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటాయి. మేము వాటిని మూత ఉన్న ఇనుప బకెట్టులో నీళ్లలో వేశాం. ఎన్.సి. రంగు (షెడ్డుల్లో డ్యూకో అనేది), ఎనామిల్ ఒకే ఫిల్టరు మీద పడనివ్వకూడదు, ఆ రెండూ కలిసిన పొడి ఇంకా సులువుగా రాజుకుంటుంది.

కంప్రెసరు పంక్చరు షాపునుంచి అద్దెకు తెచ్చింది. దాన్ని వరండా చివర పెట్టి పొడవైన పైపు వేశాం. బూత్ రేకుకు, పెట్టెకు, ఫ్యాను చట్రానికి రాగి తీగతో ఎర్తింగు ఇచ్చాం, తుంపర వల్ల స్థిర విద్యుత్తు పోగవకుండా. ఫ్యాను ముందు వేసి తర్వాత గన్, గన్ ఆపాక ఇంకో 20 నిమిషాలు ఫ్యాను. ఫోన్లు బయట. కరెంటు పోతే గన్ కింద పెట్టి అందరూ బయటికి. రెండుసార్లు పోయింది.

ముక్కుకు తడి తువ్వాలు కట్టుకోవడం షెడ్డుల్లో మామూలు. తువ్వాలు పెద్ద చుక్కలను ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. కరోనా కాలంలో అందరికీ తెలిసిన ఎన్-95 మాస్కు కూడా ఆవిరిని ఆపదు. దానికి ఉత్తేజిత బొగ్గు నింపిన కార్ట్రిడ్జి మాస్కు కావాలి, గడ్డం ఉంటే అదీ సరిగ్గా అతుక్కోదు. మా మిత్రుడికి అలాంటిది మొదటిసారి పెట్టినప్పుడు గడ్డం తీయించాం. ఆ సాయంత్రం పని ముగించి మాస్కు తీసి గదిలో ఒక్క నిమిషం నిలబడ్డాడు. "థిన్నరు వాసన ఇంత ఘాటుగా ఉంటుందా?" అన్నాడు. రోజంతా మంచి గాలి పీల్చాక ముక్కు మళ్లీ పనిచేసింది. ఆరేళ్లు షెడ్డులో పనిచేసిన మనిషి అడిగిన ప్రశ్న అది.

రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ రంగులు, 2కే అంటారు, ఈ బూత్‌లో వద్దే వద్దు. వాటి హార్డనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేట్ కుటుంబానికి చెందినవే, అదే రసాయనం మాత్రం కాదు. వీటితో వచ్చే పీడ ఉబ్బసం. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత అతి కొద్దిపాటికి కూడా ఊపిరి ఆడదు. వాసన కూడా ముందుగా హెచ్చరించదు. బయటినుంచి గొట్టంతో మంచి గాలి అందించే ముసుగు వేసుకుని చేయవలసిన పని అది. మన అన్నలు చాలామంది దాన్ని తువ్వాలుతో చేస్తున్నారు. కార్ల షెడ్డుల్లో, ఫర్నిచర్ కొట్లలో మీ ఇంటివాళ్లుంటే కనీసం ఈ పేరా చదివి వినిపించండి.

పాత రంగు గీకేటప్పుడు కూడా చూసుకోవాలి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన పెట్టెల రంగులు అంతకు చాలా ముందువి. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. అందుకే నీళ్లు చల్లుతూ ఎమిరీ పేపరు పట్టి, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తి వేరే డబ్బాలో వేశాం. చిన్న తమ్ముళ్లను ఆ పనికి రానివ్వలేదు.

అలా తడిపి రుద్దుతున్నప్పుడే ఒక సంగతి బయటపడింది. మూతల మీద రంగు కింద రంగు, పేరు కింద పేరు. ఒక పెట్టెకు మూడు పేర్లున్నాయి, పైది తెలుపులో, దానికింద పసుపు, అడుగున మేకుతో గీసినది. ప్రతి పేరు పక్కనా తరగతి, ఊరు. రుద్దేస్తే పోతాయి. అందుకని ప్రతి మూతకూ ఫోటో తీసి, పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాశాకే ప్రైమరు వేశాం. ఆ నోటుబుక్కు ఆఫీసు గదిలో ఉంది.

47లో 39 పెట్టెలు పూర్తయ్యాయి, జూన్‌లోనే తమ్ముళ్లకు ఇచ్చేశాం. నాలుగింటికి అడుగురేకు మార్చాలి. మిగిలిన నాలుగింటి మీద పేరు చెరిగిపోయి ఊరి పేరు మాత్రమే కనిపిస్తోంది. పెట్టెను ఇక్కడ వదిలి వెళ్లిన అన్నలెవరైనా వార్షికోత్సవానికి వస్తే ఆ నాలుగూ ఒకసారి చూడండి. వాటికి ఇంకా రంగు వేయలేదు.